తెలుగువాళ్ల కోసం వచ్చిన కంపెనీ

మా ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం దాదాపు ఎవరికీ రాదన్న సంగతి మా ఊళ్లో కంపెనీ పెట్టడానికి వచ్చిన మేడంకి ఆ రోజు నేను చెప్పలేదు. ఆవిడ అడగలేదన్న మాట నిజమే. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. తెలుగువాళ్లన్న తరవాత తెలుగు చదవడం రాకుండా ఎలా ఉంటారని ఆవిడ అనుకుంది. అది తెలిసే ఊరుకున్నాను. తరవాత దాని వల్ల వచ్చిన నింద మా పిన్ని కూతురి మీద పడుతుంటే, పక్కనే నిలబడి కూడా ఊరుకున్నాను.

మా వీధుల్లో ఈ కథ చాలాకాలం వేరేగా చెప్పుకున్నారు. ఆ కంపెనీని పుదుచ్చేరికి తెచ్చింది నేనేననీ, మన పిల్లలు చెన్నై హాస్టళ్లకు పోకుండా ఇంటి దగ్గరే ఉద్యోగం చేసుకుంటున్నారంటే నా చలవేననీ అనేవాళ్లు. మా కులసంఘం వాళ్లు పిలిచి శాలువా కూడా కప్పారు. తల వంచి కప్పించుకున్నాను. ఆ ఫోటో ఇంకా మా ఇంట్లో ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెట్టాలనుకున్నాను. తెలుగు అక్షరాలు నేను నడివయసులో నేర్చుకున్నాను. రాత తిన్నగా లేకపోతే మన్నించాలి.

నేను చేసేది భవనాలు చూపించే పని. మా తాత, నాన్న పెద్ద మార్కెట్ పక్క వీధిలో బట్టల అంగడి నడిపారు. అంగడి నా చేతికి వచ్చేసరికి జనం చూపు పెద్ద షోరూముల మీదికి పోయింది. చివరికి అంగడి ఎత్తేసి ఆ చోటు ఒక ఆఫీసుకి అద్దెకిచ్చాను. ఆ బేరం కుదిరేటప్పుడు, బట్టలు చూపించడం కన్నా గోడలు చూపించడం నాకు బాగా వచ్చని తెలిసింది. అప్పటి నుంచి ఇదే బతుకు.

మొదట్లో వచ్చే కంపెనీల వాళ్లు కరెంటు గురించి, లిఫ్టు గురించి, బళ్లు పెట్టుకునే చోటు గురించి అడిగేవాళ్లు. రాను రాను ఆ ప్రశ్నలు వెనక్కి పోయాయి. కారు దిగుతూనే అడిగే మాట ఒకటే అయింది. మనుషులు దొరుకుతారా? బెంగుళూరులో, చెన్నైలో, హైదరాబాదులో ఒక పిల్లకి పని నేర్పితే నాలుగు నెలలు తిరక్కుండా పక్క భవనంలోకి పోతోందని వాళ్ల బాధ. పని నేర్చుకుని ఉండిపోయే మనుషులున్న ఊరు వెతుక్కుంటూ ఇటు వచ్చేవాళ్లు.

దానికి నా దగ్గర ఒక జవాబు ఉండేది. వాళ్లని పొద్దున్నే భవనం దగ్గరికి తీసుకుపోయేవాణ్ని కాదు. కడలూరు రోడ్డు మీద ఒక టీ అంగడి దగ్గర కారు ఆపించి, టీ తాగుతూ రోడ్డు చూడమనేవాణ్ని. బాహూరు నుంచి, ఏంబలం నుంచి వచ్చే బస్సుల నిండా ఆడపిల్లలు. చేతిలో అన్నం సంచి, మెడలో ఆఫీసు కార్డు. అప్పుడే స్నానం చేసి వచ్చిన తడి జడలు. వరి పొలాల నుంచి మోటారు బళ్ల మీద వచ్చే మగపిల్లలు. పిళ్ళైచావడి వైపు నుంచి అయితే చేపల వాళ్ల ఇళ్లల్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లలు స్కూటీల మీద వచ్చేవాళ్లు. ప్రతి ఏడూ ఈ గుంపు పెరుగుతూనే ఉంది. టీ అయ్యేసరికి వచ్చినవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టేవాళ్లు. నేను ఒక్క మాట కూడా కలిపేవాణ్ని కాదు. సగం బేరం ఆ టీ అంగడి దగ్గరే అయిపోయేది.

మేడం వాళ్ల కంపెనీ హైదరాబాదుది. ఆసుపత్రులకు వచ్చే ఫోన్లు, సందేశాలు వీళ్లు తీసుకుని జవాబులు చెబుతారు. డాక్టరు ఎప్పుడుంటారు, రిపోర్టు వచ్చిందా, పరగడుపున రావాలా అని జనం అడుగుతుంటారు కదా, ఆ పని. తమిళం, తెలుగు, మలయాళం మూడూ ఒకే కప్పు కింద దొరికే చోటు వాళ్లకి కావాలి. తెలుగువాళ్ల యానాం, మలయాళీల మాహే మన పుదుచ్చేరి కిందివే కాబట్టి ఇక్కడైతే దొరుకుతారని ఎవరో చెప్పారట.

మేడంకి ఇంచుమించు నా వయసే ఉంటుంది. చకచకా నడిచే మనిషి. ఏ భవనం చూపించినా ముందు ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎక్కడని అడిగి, అది చూశాకే మిగతాది చూసేది. టీ అంగడి దగ్గర బస్సుల్ని చాలాసేపు చూసింది. ఇది సరే, తమిళానికి ఢోకా లేదు, మరి తెలుగు సంగతేంటని అడిగింది. నాకు ఊపొచ్చింది. మా వీధులన్నీ తెలుగు కుటుంబాలేనని, తరాల నుంచి ఇక్కడే ఉన్నామని, అంగళ్లు తగ్గిపోయి పిల్లలంతా డిగ్రీలు చదివి ఉద్యోగాలు వెతుక్కుంటున్నారని చెప్పాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆవిడ పక్కన ఉన్న కుర్రాడి వైపు తిరిగి, “అయితే స్క్రీన్ చదవడం, టైపింగ్, మళ్ళీ విడిగా నేర్పక్కర్లేదు. టైమ్ కలిసొస్తుంది,” అంది.

నేను టీ తాగాను.

మా సంగతి తెలియనివాళ్లకి ఇది వింతగా ఉంటుంది. మా అమ్మ సరుకుల చీటీ రాస్తే అందులో మాటలన్నీ తెలుగు, అక్షరాలన్నీ తమిళం. కందిపప్పు, మిరపకాయలు, చింతపండు, అన్నీ తమిళ అక్షరాల్లోనే. పెళ్లి పత్రికల్లో పైన తెలుగు వేయిస్తాం, కింద తమిళం వేయిస్తాం. పైది మర్యాదకి, కిందిది చదువుకోడానికి. బడిలో తమిళం, ఇంగ్లీషు, కొందరికి ఫ్రెంచి. తెలుగు నోటిది. అమ్మతో, అంగట్లో, దెబ్బలాటలో, దేవుడి దగ్గర. చదవడం రాదన్న లోటు మాకు ఎప్పుడూ తోచలేదు. అవసరం ఎప్పుడు వచ్చిందని?

మరి మేడంకి ఆ మాట ఎందుకు చెప్పలేదు? భవనం కుదిరితే నాకొచ్చే కమీషను ఒక కారణం. కానీ అంతకన్నా చిన్న కారణం ఒకటి ఉంది, అదే నన్ను ఆపింది. ఆఫీసు మనిషి ఒకరు నా ఊళ్లో నాతో తెలుగులో మాట్లాడటం అదే మొదలు. ఆవిడ నన్ను తనవాడిగా చూసింది. అక్షరం రాదని చెప్పి ఆ చూపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మనుషుల్ని పోగుచేసే పని మా పిన్ని కూతురికి అప్పగించాను. ఆమె అప్పటికి పుదుచ్చేరిలోనే ఒక ప్రైవేటు బడి ఆఫీసులో చాలా ఏళ్లుగా పని చేస్తోంది. మా వీధుల్లో ఆమెను ఎరగని ఇల్లు లేదు. ఎవరి పిల్ల ఏం చదివింది, ఎవరి పిల్లాడు పని లేక సుమ్మా తిరుగుతున్నాడు, అన్నీ ఆమెకు తెలుసు. ఆమె భర్తకు మార్కెట్ దగ్గర గాజుల అంగడి. అది ఇల్లు గడిచేంత ఇవ్వడం మానేసి కొంతకాలమైంది. కూతురు కాలేజీలో చేరింది. ఇంటి బరువు ఎక్కువగా ఆమె జీతం మీదే ఉండేది. కొత్త కంపెనీలో తెలుగు విభాగానికి పెద్దగా ఒక అనుభవమున్న మనిషిని పెడతామన్నారు. నువ్వే ఉండు, బడి మానెయ్యి, ఇది అంతకంటే పెద్ద ఉద్యోగం అని నేనే చెప్పాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. పని చేసే పద్ధతి అంతా అడిగింది. తరవాత ఒక ప్రశ్న వేసింది.

“అన్నా, చదవాల్నా, మాట్లాడితే చాలునా? మనోళ్ల సంగతి నీకి తెలుసు గదా.”

“మాట్లాడితే చాలు. ఫోన్లో మాట్లాడే పని అది. నువ్వు భయపడబాక,” అన్నాను.

ఆమె అడిగింది, నేను చెప్పాను. ఈ రెండు మాటలు ఎవరూ వినలేదు. మా ఇంటి వసారాలో, ఆమెకీ నాకూ మధ్య జరిగినవి.

ఇంటర్వ్యూల్లో అంతా మాటలతోనే అయిపోయింది. పిల్లలు తెలుగు మాట్లాడుతుంటే మేడం ముచ్చటపడింది. “ఉండాది”, “యాడ” అనకుండా కొంచెం సర్దుకుంటే చాలంది. దరఖాస్తులు ఇంగ్లీషులో, మొదటి శిక్షణ కూడా ఇంగ్లీషులోనే. మా వీధుల నుంచి ఒక బస్సుకు సరిపడా పిల్లలు చేరారు. యానాం నుంచి వచ్చి పిళ్ళైచావడి అవతల యూనివర్సిటీలో చదువు ముగించిన ఒక అమ్మాయి కూడా వాళ్లతో పాటే చేరింది. మా చెల్లెలు బడి ఉద్యోగం వదిలేసి తెలుగు విభాగానికి పెద్ద అయింది.

శిక్షణ అయిపోయి అసలు పని మొదలైనప్పుడు తెలిసింది, ఫోన్లు తక్కువ, సందేశాలు ఎక్కువ అని. తెరమీద తెలుగు అక్షరాలు వరసగా దిగుతుంటే మా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. నా చెల్లెలు ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది. నేను ఎత్తలేదు. మరునాడు ఎత్తి, కొన్నాళ్లు ఎలాగో నెట్టుకురండి, నేను మేడంతో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు. వాళ్లు ఆలోపు ఒక ఉపాయం చేసుకున్నారు. యానాం అమ్మాయి వచ్చిన సందేశాలు మెల్లగా పైకి చదువుతుంది. వీళ్లు తమిళ అక్షరాల్లో రాసుకుని, జవాబు నోటితో చెబితే ఆ అమ్మాయే టైపు చేస్తుంది. ఆ ఒక్కతే అంతమందికీ కళ్లూ వేళ్లూ అయింది. చూసేవాళ్లకి అంతా కలిసికట్టుగా పని చేస్తున్నట్టే ఉండేది.

తరవాత యానాం అమ్మాయి వాళ్ల అక్కకి పురుడని సెలవు పెట్టి ఊరికి వెళ్లింది.

ఆ రోజు నేను భవనంలోనే ఉన్నాను. ఏసీ నీళ్లు కారుతున్నాయంటే మెకానిక్కుని వెంటబెట్టుకుని వచ్చాను. లోపల మేడం గొంతు పెరగడం అదే మొదటిసారి వినడం. రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన తన భార్య ఆపరేషను ఇవాళా రేపా అని పొద్దుటి నుంచి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. ఎవరూ జవాబివ్వలేదు.

“ఇంతమందిలో ఒక్కరు కూడా చూడలేదా?” అంది మేడం.

అందరూ చూశారు. చదవగలిగినవాళ్లు లేరు.

సంగతి బయటపడటానికి ఎక్కువసేపు పట్టలేదు. మేడం మా చెల్లెల్ని గదిలోకి పిలిచింది. తలుపు దగ్గర నన్ను చూసి నన్నూ పిలిచింది. చదవడం అక్కర్లేదని ఈ పిల్లలకి ఎవరు చెప్పారని నా చెల్లెల్ని అడిగింది. చెల్లెలు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇప్పుడు నువ్వు చెబుతావు కదా అన్నట్టు ఉంది. నేను ఏసీ గొట్టం వైపు చూశాను.

“నాకు అట్ల తెలిసింది మేడం,” అంది చెల్లెలు చివరికి.

మేడం నా వైపు తిరిగి, మీకు ఈ విషయం తెలుసా అని అడిగింది. నా పనిలో ఎవరేం అడిగినా నా నోట్లోంచి తనంతట తానే వచ్చే మాట ఒకటుంది. అదే వచ్చింది.

“కనుక్కుంటాను మేడం.”

మేడం న్యాయంగానే నడుచుకుంది. పిల్లల్ని తీసెయ్యలేదు. మూడు నెలల్లో చదవడం నేర్చుకుంటే ఉండొచ్చంది, అప్పటిదాకా ఫోన్లు మాత్రమే ఇచ్చింది. పెద్దగా ఉండి, తెలిసి దాచిన మనిషిని మాత్రం ఉంచుకోలేనంది. నా చెల్లెలు సంచి సర్దుకుని మెట్లు దిగింది. నేను మెకానిక్కుకి నిచ్చెన పట్టుకున్నాను.

బడిలో ఆమె చోటుకి అప్పటికే ఇంకొకరు వచ్చేశారు. కూతురు సాయంత్రాలు చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టింది. వీధిలో మాట మారుతూ మారుతూ, ఆమె కంపెనీని మోసం చేసిందని, కాస్తలో పిల్లలందరి ఉద్యోగాలూ పోయేవని, నేనే పోయి మేడం చేతులు పట్టుకుని కాపాడానని అయింది. ఈ చివరిది ఎవరు పుట్టించారో నాకు తెలియదు. నేను కాదనలేదు.

ఒక దగ్గరి చుట్టాల సీమంతంలో అందరం కూర్చుని భోంచేస్తున్నాం. నా చెల్లెలు వడ్డిస్తోంది. మా మేనత్త వరసావిడ ఒకామె అందరికీ వినబడేట్టు అడిగింది.

“ఏం పాపా, చదువురాని పిల్లకాయల్ని చదువొచ్చినట్టు చూపిస్తివంట గదా. అంత పెద్ద కంపెనీ వాళ్లు ఏమారతారనుకుంటివా?”

“సాంబారు పొయ్యాల్నా అత్తా?” అంది చెల్లెలు.

నా ఆకు దగ్గరికి వచ్చినప్పుడు కూడా అదే గొంతుతో అడిగింది. పొయ్యమన్నాను.

ఇక్కడి నుంచి కథ నా చేతిలోంచి జారి మంచి వైపు తిరిగింది. అందులో నా ప్రమేయం లేదు.

యానాం అమ్మాయి సెలవు నుంచి తిరిగొచ్చి, జరిగింది విని, మా చెల్లెలి ఇంటికి ఏడుస్తూ వచ్చిందట. “నాదేనండి తప్పంతా. ఆ రోజు నేను ఊరెళ్లకపోతే ఇంత గొడవ అయ్యేదే కాదు,” అందట. చెల్లెలు ఆమెకి కాఫీ ఇచ్చి, “నువ్వు రోజూ ఉండుంటే మేము ఎప్పటికీ నేర్చుకోము పాపా. కూర్చో. నేర్పించు,” అందట.

మా ఊళ్లో బజారు మధ్యాహ్నం మూసేస్తారు. ఒంటిగంట దాటితే షట్టర్లు దిగిపోతాయి, మళ్ళీ నాలుగింటికి లేస్తాయి. ఆ మధ్య వేళ వీధి నిద్రపోతుంది. గాజుల అంగడి షట్టరు సగం దించి, ఆ వేళలోనే లోపల చదువు మొదలుపెట్టారు. మధ్యాహ్నం షిఫ్టు పిల్లలు పనికి పోయే ముందు, పొద్దుటి షిఫ్టు పిల్లలు వచ్చే దారిలో అక్కడ ఆగేవాళ్లు. పుస్తకాలు లేవు. యానాం అమ్మాయి రోగులు పంపే లాంటి సందేశాలు తనే అల్లి వాళ్ల ఫోన్లకి పంపేది. వాళ్లు చదివి తెలుగులోనే జవాబు కొట్టాలి. ఉద్యోగం లేని నా చెల్లెలు కూడా వాళ్లతో పాటు చాప మీద కూర్చుని నేర్చుకుంది. ఆమెకు తొందరగా ఏమీ రాలేదు. ఒత్తుల దగ్గర చాలా రోజులు తడబడిందని ఆమే చెప్పింది.

మూడు నెలలు తిరిగేసరికి పిల్లలంతా చదివారు. కంపెనీ నిలబడింది. హైదరాబాదులో ఉన్న పని ఇంకొంత ఇటు మళ్లించారు. మళ్ళీ పిల్లలు కావాలన్నారు. ఈసారి నేను ఎవరినీ పోగుచెయ్యలేదు. గాజుల అంగట్లో చదివిన పిల్లలే తమ తమ్ముళ్లని, చెల్లెళ్లని, స్నేహితుల్ని తెచ్చి చాప మీద కూర్చోబెట్టారు. యానాం అమ్మాయికి తీరిక తగ్గింది, చెల్లెలే నేర్పడం మొదలుపెట్టింది. తెరమీది సందేశం ఆగకుండా చదివేదాకా ఎవరినీ ఇంటర్వ్యూకి పంపేది కాదు. బాహూరు వైపు పల్లెల్లో తెలుగు మాట్లాడే రెడ్ల ఇళ్ల పిల్లలు కూడా బస్సెక్కి రాసాగారు. ఆ పిల్లల్లో ఎవరూ ఉద్యోగం వదిలి పోలేదని కంపెనీ వాళ్లు ఇంకొక కంపెనీకి చెప్పారు. ఆ కంపెనీ వాళ్లు వచ్చి భవనం చూపించమని నన్నే అడిగారు. మీ ఊళ్లో తెలుగు చదివే పిల్లలు దొరుకుతారట కదా అన్నారు. దొరుకుతారన్నాను. ఆ మాట అన్న నాకు ఒక్క అక్షరం రాదు.

మరునాడు మధ్యాహ్నం గాజుల అంగడికి వెళ్లాను. సగం షట్టరు కింద నుంచి వంగి లోపలికి పోతే పిల్లలంతా లేచి నిలబడ్డారు. చెల్లెలు లేవలేదు. ఏమన్నా పని మీద వచ్చావా అని అడిగింది. నేర్చుకుందామని వచ్చానన్నాను. చాప మీద చోటు చూపించింది. కుర్చీ ఇవ్వలేదు, అందుకు సంతోషించాను.

పిల్లలు నన్ను వదల్లేదు. “మామా, వంకాయని పంకాయ అంటుండావే, ఇంట్లో అత్త అన్నం పెడుతుందా?” అని నవ్వేవాళ్లు. నేను చదువుతుంటే ఫోన్లలో ఒకరికొకరు ఏవేవో కొట్టుకునేవాళ్లు, అవి నేను చదవగలనో లేదో చూడ్డానికి. మొదటిసారి నా గురించి రాసిన వెటకారం ఒకటి నేనే పైకి చదివి వినిపించినప్పుడు అంగడంతా గొల్లుమంది. చెల్లెలు కూడా నవ్వింది. అంతకు ముందు నా ఎదుట ఆమె నవ్వి చాలా కాలమైంది.

ఆ రోజు పిల్లలు వెళ్లిపోయాక ఉండిపోయాను. చెల్లెలు గాజుల డబ్బాలు సర్దుతోంది. ఆ రోజు మేడం గదిలో నేను చెప్పాల్సిందమ్మా అని మొదలుపెట్టాను. ఆమె నన్ను సాగనివ్వలేదు.

“అది నాకి తెలుసు. నిన్ను అడిగింది నేనే గదా. తెలిసినదానికి చెప్పి ఏంది లాభం? తెలీనోళ్లకి చెప్పు.”

ఇంటికి నడిచాను. తెలియనివాళ్లు ఎవరో నాకు తెలుసు. మేడం ఒకరు, మా వీధి అంతా రెండోది. అయినా ఆగాను. మేడం నాకు ఇంకొక అంతస్తు అద్దెకు కుదిర్చే పని అప్పజెప్పబోతోంది. వీధి నాకు శాలువా కప్పబోతోంది. కప్పిన తరవాత కూడా ఆగాను.

ఇక ఆగలేకుండా చేసింది యానాం అమ్మాయి మాట. కంపెనీలో కొత్తగా చేరేవాళ్లందరికీ భాష నేర్పే ఉద్యోగం ఒకటి పుట్టిందట. పెద్ద ఉద్యోగమే. పిల్లలంతా కలిసి పోయి అక్కని పెట్టమని అడిగారట. మేడం విని, ఆమె బాగా నేర్పుతుందని నాకూ తెలుసు, కానీ ఒకసారి తెలిసి దాచిన మనిషిని ఆ చోట ఎలా పెట్టనందట. ఆ అమ్మాయి అది నాకు మామూలుగా, బాధగా చెప్పింది. నావల్ల అయింది అని ఆ అమ్మాయికీ తెలియదు.

మర్నాడు కొత్త పిల్లలు చేరే రోజు. చెల్లెలు తను నేర్పిన పిల్లల్ని ఎప్పుడూ గేటు దాకా వచ్చి వదిలేది, లోపలికి మాత్రం అడుగు పెట్టేది కాదు. ఆ పొద్దున నేను ముందుగానే వెళ్లి మేడం ఎదుట కూర్చున్నాను. టీ అంగడి దగ్గర నుంచి ఏసీ గొట్టం దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. చెల్లెలు అడిగిన ప్రశ్న, నేను ఇచ్చిన జవాబు, అవే మాటల్లో చెప్పాను. మేడం మధ్యలో ఆపలేదు.

“మీరు అప్పుడే చెప్పి ఉన్నా మేము వచ్చేవాళ్లమే,” అంది. “రెండు నెలలు ముందుగా ఒక టీచర్ని పెట్టుకునేవాళ్లం. అంతే.”

అన్నాళ్లు నేను మోసిన భయం ఖరీదు అంతేనని అప్పుడు తెలిసింది. దాని బరువంతా మోసింది మాత్రం నా చెల్లెలు.

“ఇక మీతో భవనాల పని ఉండదు,” అంది మేడం. “ఆవిడ ఎక్కడున్నారు?”

కింద గేటు దగ్గర ఉందన్నాను. నేర్పే ఉద్యోగం గురించి ఆవిడతో మాట్లాడాలి, పైకి పిలవమంది. నేను పిలుస్తానని లేచాను.

గేటు దగ్గర మా వీధి అంతా ఉన్నట్టే ఉంది. కొత్త పిల్లలు, వాళ్లని దింపడానికి వచ్చిన అమ్మలు, నాన్నలు. సీమంతంలో మాట అన్న అత్త కూడా మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, ఇదంతా నీ పుణ్యమే నాయనా అంది. పక్కవాళ్లు తలూపారు. చెల్లెలు ఒక పిల్ల దుపట్టా సర్దుతోంది. మేడం పైకి రమ్మంటోందని చెబితే, ఎందుకన్నట్టు చూసింది.

“నువ్వు పైకి పొయ్యే ముందర ఒక మాట చెప్పాల. వీళ్లంతా ఇనాల,” అన్నాను. అందరికీ వినబడేట్టు చెప్పాను.

“అత్తా, పుణ్యం నాది కాదు. చదవడం అక్కర్లేదని ఈమెకి చెప్పింది నేను. ఈమె నన్ను అడిగింది, మాట్లాడితే చాలని నేనంటి. ఆ మేడం అడిగినప్పుడు ఈమె పక్కనే నిలబడి నోరు తెరవల్యా. ఈమె ఎవర్నీ మోసం చెయ్యల్యా. నా తప్పు ఈమె మోసింది, మీరంతా ఈమెని అంటుంటే నేను భోంచేస్తా కూర్చుంటి. ఇప్పుడే మేడంకి అంతా చెప్పి వస్తాండా.” చెల్లెలి వైపు తిరిగాను. “తప్పు నాదేమ్మా. ఆ పొద్దే చెప్పుండాల. నన్ను క్షమించు.”